గొడుగు ఇవ్వని దారి

"అత్తయ్య ఇంకా కిందకి రాలేదా?"

"రాలేదు." కొహేయ్ తలెత్తలేదు. పొయ్యి మీది ఎర్ర చిక్కుళ్ళ ముద్దను చెక్క గరిటెతో కలుపుతూనే ఉన్నాడు. "అన్నం కూడా పైకే తెప్పించుకుంది. గుల్లల పులుసు తాగి ఖాళీ గిన్నె మెట్ల మీద పెట్టింది. అంతే."

"ఏమన్నా అన్నారా?"

"నువ్వు రాసినదాని గురించి మా అమ్మ నాతో ఏమంటుంది మిసుజు? నోరు విప్పి అనగలిగేదైతే కదా!"

మిసుజు సర్దుకున్న సంచీ మెట్ల కింద అలాగే ఉంది. నిన్నటి నుంచి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దాని పక్కనుంచి ఒదిగి నడుస్తున్నారు. తీసెయ్యమని అతను అనడు, తీసేస్తానని ఆమె అనదు. పంతానికి పంతం.

మత్సుయె ఊళ్ళో ఆ మిఠాయి కొట్టుకి ఒక కట్టుబాటుంది. కొత్త మిఠాయి ఎవరు చేసినా ముందు పెద్దావిడ ఇత్సుయో నోట్లో పడాలి. ఆవిడ కళ్ళు మూసుకుని తింటుంది. తిన్నాక రెండే మాటలు. బాగుంటే "దుకాణంలో పెట్టండి." లేకపోతే "ఇంకోసారి." మూడో మాట ఎవరూ వినలేదు. కట్టుకున్న మొగుడు బతికున్న రోజుల్లో ఆయన్ని కూడా "ఇంకోసారి" అని పొయ్యి దగ్గరకి తోలిన మనిషి. ఆవిడ నాలుక మీద ఊరంతటికీ గురి.

కోడలు రాసిన కథకి కూడా ఇప్పుడు ఆ కట్టుబాటే వచ్చిపడింది. వర్తకుల ఇళ్ళ ఆడవాళ్ళ సంఘానికి పెద్ద నోజు గారు. ఆవిడ కొట్టుకొచ్చి, "మీ మిసుజు మారుపేరు పెట్టుకుని పెద్దవాళ్ళు మాత్రమే చూడాల్సిన ప్రేమకథ గేమ్ ఒకటి తయారుచేసి ఇంటర్నెట్లో పెట్టింది. అది తీసేస్తేనే ఈసారి శరత్కాలపు టీ సభలో మీ మిఠాయి" అని తేల్చి చెప్పి వెళ్ళింది. కొహేయ్ "తీసెయ్" అన్నాడు. మిసుజు "చదివి చెప్పు" అంది. అతను చదవనన్నాడు. "సరే, అయితే దాన్ని కాదు, ఈ ఇంట్లోంచి నన్నే తీసుకుపోతాను" అని ఆమె సంచీ సర్దింది. అప్పుడే ఇత్సుయో మధ్యలో చెయ్యి చాపింది. "ఈ ఇంట్లో రుచి చూడకుండా దేన్నీ పారెయ్యలేదు. ఇలా తే" అని ట్యాబ్ అందుకుని మేడెక్కింది.

ఇక నిలబడినా పడినా ఆవిడ మాట మీదే. పెద్దావిడ వద్దంటే మిసుజు తన కథనైనా వదులుకోవాలి, ఈ ఇంటినైనా వదులుకోవాలి.

మెట్లు కిర్రుమన్నాయి.

ఇత్సుయో ఏప్రాన్ కట్టుకుని మరీ దిగింది. ట్యాబ్‌ను పిండి బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కొహేయ్ గరిటె ఆగిపోయింది.

"దుకాణంలో పెట్టండి," అంది.

మిసుజుకి తను విన్నది నిజమో కాదో అర్థం కాలేదు. కొహేయ్ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"ఎంత రాద్ధాంతం చేశారర్రా!" ఇత్సుయో ఒక చిక్కుడు గింజ తీసి నలిపి చూసింది. "సరస్సు ఒడ్డున సత్రం నడుపుకునే ఆడది. పేరు షినో. మొగుడు పోయాడు. కప్పు కారుతోందని బాగుచెయ్యడానికొచ్చినతను మర్యాదస్తుడు. పనైపోయింది, వెళ్ళిపోయాడు. ఆవిడ ఒక్కతే కూర్చుని టీ తాగుతుంది. నాకు ఏడుపొచ్చింది. ఇందులో కళ్ళు మూసుకోవాల్సిందేముంది? కాస్త నీరసంగా ఉంది, అంతే."

"వెళ్ళిపోయాడా?" మిసుజు అడిగింది.

"వెళ్ళక? జోరున వాన. గొడుగిచ్చి పంపాను."

"గొడుగిచ్చారా!"

"ఇవ్వనా మరి? మనిషిని తడుస్తూ పొమ్మంటానా?"

మిసుజు నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

ఆ గేమ్ ఉత్త పుస్తకం కాదు. తెర మీద బొమ్మ, కింద మాటలు. వేలితో తాకితే కథ ముందుకి జరుగుతుంది. అక్కడక్కడ కథ ఆగి, నువ్వైతే ఏం చేస్తావని అడుగుతుంది. రెండు మాటలు చూపిస్తుంది. ఏది తాకితే కథ ఆ దారిన పోతుంది. పని ముగించుకున్న మనిషి వానలో గుమ్మం దగ్గర నిలబడినప్పుడు మిసుజు పెట్టిన రెండు మాటలు ఇవి: గొడుగు ఇవ్వు. వాన తగ్గేదాకా ఉండమను. పెద్దవాళ్ళకి మాత్రమే అని మొదటి తెర మీద రాయించినదంతా, ఆమె ఏళ్ళ తరబడి కూర్చుని రాసుకున్నదంతా ఆ రెండో మాట వెనకాలే ఉంది.

మిసుజు పుట్టి పెరిగింది ఒకయామాలో. అక్కడ ఎండకి లోటు లేదు, గొడుగు గురించి ఎవరూ ఆలోచించరు. మత్సుయె అలా కాదు. "అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు" అని సామెత చెప్పుకుని బతికే ఊరు. గుమ్మం దగ్గర మనిషి, బయట వాన అంటే ఈ ఊరి ఆడదాని చెయ్యి దానంతటదే గొడుగు మీదకి పోతుంది. ఇత్సుయోకి అందులో ఆలోచించాల్సింది ఏమీ కనపడలేదు. ఈ సంగతి రాసేటప్పుడు ఒకయామా పిల్లకి తట్టనే లేదు.

కొహేయ్ మొహం విచ్చుకుంది. "నిజంగా ఏమీ లేదామ్మా అందులో?"

"లేదంటున్నాగా."

"హమ్మయ్య!" అతను గబగబా వెళ్ళి మెట్ల కింది సంచీ ఎత్తాడు. "ఇది పైకి తీసుకెళ్ళనా మిసుజు?"

"అత్తయ్యా, అది పూర్తిగా..." మిసుజు మొదలుపెట్టింది.

సంచీ పట్టుకుని నిలబడ్డ కొహేయ్ ఆమెకేసి చూశాడు. వద్దు, ఊరుకో అని బతిమాలుతున్న చూపు. పెళ్ళయ్యాక అతనలా చూడటం అదే మొదటిసారేమో. నోటిదాకా వచ్చిన మాటను మిసుజు మింగేసింది. సంచీ మేడెక్కింది.

*

మధ్యాహ్నం నోజు గారు వచ్చింది. అప్పటికింకా వాన మొదలవలేదు, అయినా చేతిలో గొడుగుంది. దాన్ని గుమ్మం పక్కనున్న గొడుగుల కుండలో పెట్టి, లోపలి గదిలో చాప మీద మోకాళ్ళు మడిచి కూర్చుంది.

ఇత్సుయో పచ్చటి టీ నురగొచ్చేలా చిలికి ముందు పెట్టింది. పక్కన మిఠాయి. ఆ ఊళ్ళో పోట్లాటకొచ్చినవాళ్ళకి కూడా ముందు టీ ఇవ్వాల్సిందే. గిన్నె ఖాళీ అయ్యేదాకా పోట్లాట ఆగాల్సిందే.

"చదివాను నోజు గారూ. మొదట్నుంచి చివరిదాకా చదివాను. కడిగిన ముత్యంలా ఉంది," అంది ఇత్సుయో.

"ముత్యమా!" నోజు గారి చేతిలో గిన్నె సగంలో ఆగింది. "ఇత్సుయో గారూ, మీరు చదివింది అదేనా? ఆ వాన రాత్రి... ఆ దుప్పటీ..."

"ఏ దుప్పటి?"

"అదేనండీ. ఆయన తడిసిన చొక్కా విప్పుతాడు, ఆవిడ దీపం తగ్గించి..."

"నేను చదివినదాంట్లో చొక్కా ఎవరూ విప్పలేదే. దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది."

"మరి స్నానాల గది?"

"స్నానాల గదికి తాళం వేసుందిగా!"

తలుపు పక్కన పళ్ళెం పట్టుకుని కూర్చున్న మిసుజు ఉలిక్కిపడింది. ఆ తాళం ఊరికే ఊడదు. కథలో ఉన్న దారులన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, చివరిదాకా నడిచినవాళ్ళకే స్నానాల గది తెరుచుకుంటుంది. అంత ఓపికున్న పాఠకులు ఉంటారా అని ఆమె, గేమ్ తయారీలో సాయపడ్డ స్నేహితురాళ్ళు బెంగపడేవాళ్ళు. ఇదిగో, ఒకావిడ ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది.

"మీకెలా కనబడ్డాయి ఇవన్నీ? ఏ దారిన వెళ్ళారు మీరు?" ఇత్సుయో అడిగింది. ఆ అడగడంలో పోటు లేదు, తెలుసుకుందామనే అడిగింది.

"మా... మా మేనల్లుడు చూపించాడు. సంఘం తరఫున చూడాలి కదా మరి!"

"అతనే నొక్కాడా, మీరు నొక్కారా?"

"ఎవరు నొక్కితే ఏమిటండీ! నేనేమీ ఇష్టపడి నొక్కలేదు!"

"మీరు ఇష్టపడి నొక్కారని నేనన్నానా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న సామెత ఆ గదిలో ఎవరూ చెప్పలేదు, చెప్పే అవసరమూ రాలేదు. నోజు గారి చెవులు కూడా ఎర్రబడ్డాయి. సిగ్గుపడ్డ పెద్దమనిషి ఏం చేస్తుందో ఆవిడా అదే చేసింది, కోపం తెచ్చుకుంది.

"నన్నంటారేం! మీ కోడల్ని అడగండి. గొడుగు దగ్గర రెండో మాట తాకితే ఏమవుతుందో ఆ అమ్మాయినే చెప్పమనండి!"

"రెండో మాటా?" ఇత్సుయో కోడలి వైపు తిరిగింది. "కింద ఇంకోటి ఉండటం చూశాను. ఏది తాకినా అక్కడికే వస్తుందనుకున్నాను. రాదా?"

వంటింటి తెర వెనకాల కొహేయ్ కాళ్ళు కనపడుతున్నాయి. అతను కదలడం లేదు. 'అక్కడికే వస్తుంది అత్తయ్యా' అంటే సరిపోయేది. నోజు గారు ఇంకో మాట మాట్లాడే స్థితిలో లేదు. సంచీ పైనే ఉండేది, కథ నెట్లోనే ఉండేది, మిఠాయి టీ సభకి పోయేది.

"రాదు అత్తయ్యా," అంది మిసుజు. "అది వేరే దారి. అసలు కథంతా అటే ఉంది. నోజు గారు చెప్పినవన్నీ ఉన్నాయి."



"పొద్దున నేను దుకాణంలో పెట్టండి అన్నప్పుడు నీకీ సంగతి తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావు."

"తప్పయింది అత్తయ్యా."

"నా చేత పైన చుట్టిన ఆకు నాకించి లోపలి మోచి మిఠాయి రుచి చెప్పించావు." గొంతు పెంచలేదు. అందుకే మిసుజుకి మరీ కష్టంగా తోచింది. "ఇన్నేళ్ళల్లో నా నాలుక ఎవరికీ అబద్ధం చెప్పలేదు మిసుజు. ఇవాళ చెప్పింది, అదీ నీ వల్ల."

ఆవిడ లేచి నిలబడింది. "నోజు గారూ, ఇందాక నేనన్న మాట చెల్లదు. ఇంకోసారి చదువుతాను." పిండి బల్ల మీది ట్యాబ్ తీసుకుని, వెనక్కి చూడకుండా మేడెక్కింది.

నోజు గారు కూడా లేచి, చెప్పులు తొడుక్కుని, వంగి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మిసుజు గుమ్మం దగ్గరకొచ్చి చూస్తే ఆవిడ గొడుగు కుండలోనే ఉంది. మత్సుయెలో పుట్టిన మనిషి, వాన పడుతుంటే, గొడుగు మరిచిపోయి వెళ్ళింది! ఎంత కంగారుపడి ఉండాలి.

నోజు గారి గొడుగు ఒక చేత్తో తీసుకుని, తనకోసమని కుండలోంచి చేతికందిన నీలం గొడుగు లాగింది మిసుజు.

"అది కాదు." పైమెట్టు మీద నుంచి ఇత్సుయో గొంతు. "ఆ నీలంది ముట్టుకోకు. ఇంకోటి తీసుకో."

మిసుజు దాన్ని మళ్ళీ కుండలో పెట్టి, ఉత్త తలతోనే వీధిలోకి పరిగెత్తింది.

నోజు గారు కాలవ వంతెన దగ్గర దొరికింది. గొడుగందుకుని విప్పింది. విప్పి, మిసుజుని కూడా దాని కిందికి లాక్కుంది.

"తడుస్తావు. ఒకయామా వాళ్ళకి బుద్ధుండదు." గొడుగు మిసుజు వైపు ఇంకాస్త వంచింది. "మీ అత్తగారు ఏమంటే సంఘంలో నేనూ అదే అంటాను. ఆవిడ నాలుక మీద నాకు గురి. ఇవాళ కూడా పోలేదు. అది చెప్పడానికి ఆగాను."

"సరేనండీ."

"ఇంకోటి." నోజు గారు వాన వైపు చూస్తూ అంది. "ఆ స్నానాల గది తర్వాత ఆయన వెళ్ళి పనిముట్లు తెచ్చుకుంటానంటాడే. తిరిగొస్తాడా?"

"మీరేమనుకున్నారు?"

"నేనేమనుకుంటే ఏమిటి! రాసినదానివి నువ్వు కదా." చప్పున గొడుగు పక్కకి తిప్పింది. "అడిగానని ఎవరితోనూ అనకు."

*

తడిసి వచ్చిన మిసుజుకి కొహేయ్ తువ్వాలిచ్చాడు. ఇచ్చే తీరులోనే కోపం కనపడింది.

"ఊరుకుంటే పోయేది."

"తెలుసు."

"తెలిసి ఎందుకు చెప్పావు? చేతిదాకా వచ్చింది కదా! అమ్మ మెచ్చుకుంది, నోజు గారి నోరు మూతపడింది. నీ అంతట నువ్వే నిప్పు తొక్కావు."

"ఆవిడ మెచ్చుకున్నది నేను రాసినదాన్ని కాదు కొహేయ్. నేను రాయాల్సొచ్చి రాసిన చెత్త ముగింపుని. ఎవరూ ఉండిపోని ముగింపుని." మిసుజు తల తుడుచుకోవడం ఆపింది. "దాన్ని మెచ్చుకుని, అసలుది చూడకుండా పోతే నాకేం మిగులుతుంది? మెచ్చుకోలు దొంగిలించి దాచుకోమంటావా?"

"అసలుదాంట్లో ఏముందో విన్నాంగా. దుప్పట్లూ, స్నానాల గదులూ."

"అవును. నలభై దాటిన ఆడదానికి కూడా ఒళ్ళుంటుందని రాశాను. మొగుడు పోయినంత మాత్రాన కోరిక అతనితో పాటు పోదని రాశాను. ఇష్టపడి దగ్గరైన ఇద్దరు పెద్దవాళ్ళ గురించి రాశాను. ఇందులో నీకు సిగ్గెందుకు?"

"సిగ్గని ఎవరన్నారు?"

"మరేమిటి? ఒక్క పేజీ కూడా చదవవేం?"

కొహేయ్ పొయ్యి మంట తగ్గించాడు. తగ్గించాల్సిన పనేమీ లేదు.

"భయం," అన్నాడు చివరికి.

"దేనికి?"

"అందులో మొగుడు నేనేమోనని."

"కొహేయ్! అందులో మొగుడు కథ మొదలయ్యే లోపే చచ్చిపోయాడు!"

"అదే నా భయం."

మిసుజుకి నవ్వు ఆగలేదు. అతను కూడా నవ్వబోయాడు కానీ సగంలో అది పోయింది. బల్ల మీది పిండిని అరచేత్తో దగ్గరకి ఊడుస్తూ మెల్లగా అన్నాడు, "నువ్వు పక్క గదిలో కూర్చుని ఏళ్ళకేళ్ళు రాసుకున్నావు. నేను గోడకి ఇవతల పడుకున్నాను. చదివితే, అందులో ఉన్న మనిషి నాకు తెలీదని తెలుస్తుందేమో మిసుజు. అప్పుడు నేనేం చెయ్యాలి?"

మిసుజుకి జాలేసింది, ఒళ్ళు మండింది, రెండూ ఒకేసారి. పెళ్ళాం మనసులో ఏముందో తెలిసిపోతుందని భయపడే మొగుడితో పోట్లాడటమెలా!

"మిసుజు!" పైనుంచి పిలుపొచ్చింది. "ఒక్కసారి పైకి రా. నువ్వొక్కదానివే."

*

సాయంత్రం వెలుగు పోతోంది. పై గదిలో ఇత్సుయో దీపం వెయ్యలేదు. ఒళ్ళో ట్యాబ్, పక్కన ఎప్పటిదో పాత ఫోను, ఎదురుగా మొగుడి ఫొటో. కిటికీ మీద వాన దంచుతోంది.

"కూర్చో."

మిసుజు మోకాళ్ళ మీద కూర్చుంది.

"దుప్పటి దగ్గరిది చదివాను. నోజు గారు అన్నంత ఏమీ లేదు. పెళ్ళై పిల్లాణ్ణి కన్నదాన్ని, నాకు తెలీనిదా!" కళ్ళజోడు సర్దుకుంది. "కానీ ఆ మగాడి చేత అక్కడ మరీ అన్ని మాటలు చెప్పించావు. చక్కెరెక్కువైంది. అలాంటప్పుడు అంత మాట్లాడరు."

"తగ్గిస్తాను అత్తయ్యా."

"తగ్గించు. ఆవిడ మాత్రం బాగుంది. పొద్దున్నే లేచి వంటింట్లో అన్నం గిన్నెలు రెండు తీస్తుంది. సిగ్గేసి ఒకటి మళ్ళీ లోపల పెడుతుంది. మళ్ళీ తీస్తుంది. అది బాగుంది."

మిసుజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ గిన్నెల వాక్యం కోసం ఆమె ఎంత అవస్థపడిందో ఎవరికీ తెలీదు.

"ఇప్పుడొకటి అడుగుతాను. ఇవాళ ఒకసారి నా దగ్గర దాచావు, అది చాలు. ఈ కథ నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే కల్పించాను."

"కొహేయ్ చెప్పాడా?"

"కొహేయ్‌కి తెలియడానికేముంది అత్తయ్యా ఇందులో?"

ఇత్సుయో ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. అబద్ధం కాదని నమ్మకం కుదిరినట్టుంది. ట్యాబ్‌ను చాప మీద పెట్టింది.

"మనకి గింజలు పంపే కత్సుబె గారున్నారు కదా, కొండల్లో. ఇప్పుడు వాళ్ళ తమ్ముడి కొడుకు తెస్తున్నాడు. అంతకు ముందు ఆయనే తెచ్చేవాడు. మీ మామయ్య పోయాక వచ్చిన శరత్కాలంలో కూడా తెచ్చాడు. గింజలు దింపాడు, టీ తాగాడు. వెళ్ళొస్తానని గుమ్మం దగ్గరకొచ్చి నిలబడ్డాడు. వాన. వెళ్ళడు. ఏదో చెప్పాలన్నట్టు అలాగే నిలబడ్డాడు."

"అప్పుడు?"

"అప్పుడేముంది! గొడుగిచ్చాను."

కింద కొహేయ్ ఏదో గిన్నె కడుగుతున్న చప్పుడు.

"తలొంచి నమస్కారం పెట్టి తీసుకున్నాడు. వెళ్ళిపోయాడు. తర్వాత ఆయన రాలేదు. గొడుగు మాత్రం వచ్చింది, శుభ్రంగా ఆరబెట్టి, గుడ్డలో చుట్టి. ఆ నీలంది."

మిసుజుకి అత్తగారి చెయ్యి పట్టుకోవాలనిపించింది. ఆ ఇంట్లో అలా పట్టుకునే అలవాటు లేదు. అయినా పట్టుకుంది. ఇత్సుయో విడిపించుకోలేదు.

"రెండో మాట తాకడానికి ఎంతసేపు కూర్చున్నానో తెలుసా? వేలు పోదు. మళ్ళీ గొడుగు మీదకే పోతుంది. చివరికి కళ్ళు మూసుకుని తాకాను." ఆవిడ చిన్నగా నవ్వింది. "నీ కథలో ఆ మనిషి ఉండిపోతాడు. పొద్దున్నే ఆవిడతో అంటాడు, 'మీరు గొడుగు తెస్తారేమోనని రాత్రి చాలా భయపడ్డాను' అని."

"అవును."

"అది నిజమా?"

"కథ కదా అత్తయ్యా..."

"రుచి చూసేదాన్ని, నాకు కథా గిథా తెలీదు. ఆ మాట నిజమైతే నువ్వు రాసినదంతా నిజం. దుప్పటీ నిజం, స్నానాల గదీ నిజం. నోజు గారి ముందు నిలబడి దుకాణంలో పెట్టండి అంటాను. అబద్ధమైతే ఎంత అందంగా చేసినా అది రంగు పూసిన పిండి బొమ్మే. ఇంకోసారి అంటాను, నువ్వేమన్నా అనుకో." కిటికీ వైపు చూసింది. "అలాంటప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు ఏమనుకుంటారో నాకు తెలీదు. నీకూ తెలీదు. నువ్వు ఊహించావు."

"మరెలా తేల్చడం?"

"తెలిసినవాడు ఒకడున్నాడు కదా."

ఇత్సుయో ఫోను దగ్గరకి లాక్కుంది. నంబరు ఎక్కడా చూడలేదు. వేళ్ళు తడుముకోకుండా నొక్కాయి.

అవతల మోగుతోంది. మెట్లు కిర్రుమన్నాయి. కొహేయ్ పళ్ళెంలో మూడు టీ గిన్నెలు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవరికమ్మా ఫోను?"

ఆవిడ చెయ్యెత్తి ఆగమంది.

"కత్సుబె గారా? నేను, ఇత్సుయోని." అవతలి మాట విని తలూపింది. "లేదు లేదు, గింజలు బాగానే ఉన్నాయి. గింజల గురించి కాదు. ఒకప్పుడు నేను మీకు గొడుగు తెచ్చిచ్చాను, గుర్తుందా? నేను తెస్తుంటే మీరేమనుకున్నారు?"

అవతలి నుంచి చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. కొహేయ్ తల్లినీ పెళ్ళాన్నీ మార్చి మార్చి చూశాడు. మిసుజు అతని వైపు చూడలేదు. ఫోనులోంచి రాబోయే మాట మీద తన కథ ఉంది, తన ఇల్లు ఉంది, అన్నిటికన్నా ముందు ఈ పక్కన కూర్చున్న మనిషి ఉంది.

చివరికి ఫోనులో ముసలి గొంతు ఏదో అడిగింది. నిశ్శబ్దంలో అది ముగ్గురికీ వినపడింది.

"అక్కడ ఇప్పుడు వాన పడుతోందా?"

ఇత్సుయో కిటికీ వైపు చూడలేదు. కొడుకు వైపు చూసింది.

"పడుతోంది," అంది. "ఇవాళ ఇంట్లో గొడుగులు లేవు."

కింద గుమ్మం పక్కన కుండ నిండా గొడుగులున్నాయి. కొహేయ్‌కి తెలుసు. అతను నోరు తెరిచాడు, మూసుకున్నాడు. పళ్ళెం చప్పుడవకుండా చాప మీద పెట్టాడు. తల్లి పక్కన వెలుగుతున్న ట్యాబ్‌ను తీసుకుని, మిసుజు దగ్గరగా వచ్చి కూర్చున్నాడు.

"దీన్ని మొదట్నుంచి చదవాలంటే ఎక్కడ నొక్కాలి?" అని గొంతు తగ్గించి అడిగాడు.